పికప్ బండిని ఎత్తు చేసినచో కుదుపు తగ్గునా?



నేడు ధాన్యపు బస్తాలు, టమాటా పెట్టెలు, పాలక్యానులు పల్లెలనుండి పికప్ బండ్ల మీదనే సంతకు పోవుచున్నవి. బాట గతుకులమయమైనచో యజమాని వెనుక కమాను కట్టలో రెండు పట్టీలు అదనముగా వేయించును. లేదా ఇరుసునకును కమానునకును నడుమ ఇనుప దిమ్మ పెట్టించి బండిని మూడు నాలుగు అంగుళములు లేపించును. ఇక కుదుపుండదని అతని నమ్మకము. ఆ నమ్మకమును గూర్చియే నేను మనవి చేయదలచినది.

బరువునకు వంగి తిరిగి లేచుటయే కమాను పని. పట్టీలు పెంచినకొలది అది బిరుసెక్కును. నిండు బరువుతో పోవునప్పుడు మేలుగానే తోచును. ఖాళీగా తిరిగి వచ్చునప్పుడు మాత్రము ఆ కమాను వంగదు. ప్రతి గతుకును నేరుగా తొట్టిని తన్నును. చక్రము క్షణకాలము నేలను విడుచును. నేలను విడిచిన చక్రమునకు బ్రేకు వేసినను ఫలము లేదు. మన కూలీలు కూర్చుండి వచ్చునది ఆ తొట్టిలోనే! సరకుల బండిలో మనుష్యులను కుక్కరాదని అందరికిని తెలియును. కుక్కుటయు అందరమును చూచుచున్నాము.

దిమ్మ కమాను బిరుసును మార్చదు. కనుక కుదుపును తగ్గింపనూ లేదు. పైగా పాత షాకబ్సార్బరు పొడవు చాలక, చక్రము పల్లములోనికి దిగినప్పుడెల్ల అది చివరకంట లాగబడి కొట్టుకొనును. ఇరుసునకు పోవు షాఫ్టు వాలు పెరిగి అదురు పుట్టును. బరువు మీదికి పోవుటచే చెరువుకట్ట మలుపులలో బండి ఒరుగును.

ఇంతకును బాట నడుమ రాతికి తగులునది తొట్టి కాదు, వెనుక ఇరుసు మధ్యనున్న గుండ్రని హౌసింగు. కమానులు ఎంత లేపినను అది అంగుళమైనను లేవదు. దాని ఎత్తు టైరును బట్టి యుండును. ఖర్చు పెట్టిన పిదప ఈ సంగతి తెలిసినవారు పలువురు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. పట్టీలు చేర్చినంతమాత్రమున పత్రములోని బరువు పెరుగదు. 2019 సవరణ ననుసరించి అధిక బరువునకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నునకు 2,000.

విరిగిన పట్టీ, అరిగిన బుష్షులు, నూనె కారు షాకబ్సార్బరు, టైరు గాలి - ముందు ఇవి చూపించుకొనవలెనని బండివారికి చెప్పుడు. అడుగు ఏ చోట తగులుచున్నదో డ్రైవరునే అడుగుడు. తరచుగా అది వాగు దాటుచోటనో, పొలముబాట మొదటనో ఉండును. అక్కడికి మొరము తోలించు విషయము వచ్చు సమావేశపు ఎజెండాలో చేర్పుడు.