జీపు కొనబోయే రైతులకు



నల్లరేగడిలో గట్టి వాన కురిసిన మరునాడు పొలం బాటన బండి నడిపినవారికి, నాలుగు చక్రములకూ ఇంజను బలమందే జీపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. పాత జీపు కొనుటయా, కొత్తది కొనుటయా అన్నదే చిక్కు.

ఆకారము చూచి మోసపోవద్దు. 2010లో వచ్చిన మహీంద్రా థార్‌ను 2020లో పూర్తిగా మార్చినారు. 2023లో వెనుక చక్రములకు మాత్రమే బలమందే రకము కూడ వచ్చినది. పైకి రెండును ఒకటే. నాలుగు చక్రముల రకములో పెద్ద గేరు కర్ర ప్రక్కన మరియొక చిన్న కర్ర ఉండును. అది లేనిచో మీరు బురద కొరకు కొన్న బండి బురదలోనే నిలిచిపోవును.

పాత జీపు కొనువారు రంగు చూడవద్దు, బండి క్రింద దూరి చూడండి. ముందు ఇరుసుకు పోయే షాఫ్టు ఉన్నదా? కమానులు బిగించిన చోట చట్రము తుప్పు పట్టినదా? కొత్తగా నల్లరంగు పూసి ఉంటే సుత్తితో తట్టి చూడవలెను. ముందు డిఫరెన్షియల్ నూనె పాలవలె తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరినదని అర్థము. ఇంజను మార్చిన జీపులు తక్కువేమీ కావు కనుక ఇంజను మీది నంబరును ఆర్.సి.తో సరిచూడండి. తరువాత చిత్తడి నేల మీద నెమ్మది గేరు వేసి నడపండి. ఎండిన తారురోడ్డు మీద ఈ పరీక్ష చేయరాదు. ముందు వెనుక ఇరుసులు ఒకే వేగమున తిరుగుట వలన మలుపులో గేర్లు బిగిసి దెబ్బతినును.

పాత దానిలో సుఖము లేదు, ప్రమాదములో ప్రాణరక్షణ అంతకంటె లేదు. కాని మన ఊరి మెకానికే దానిని విప్పి బిగించగలడు. పదిహేనేండ్లు నిండిన సొంత బండికి మాత్రము తనిఖీ చేయించి, అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను.

2020 థార్‌లో గాలిసంచులు, చక్రములు జారకుండ ఆపే బ్రేకులు ఉన్నవి. వెనుక కమానులకు బదులు చుట్ట స్ప్రింగులు వచ్చినవి. ఊగుట తగ్గినది. అయితే 2020 ఏప్రిల్ నుండి వచ్చిన డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టే జల్లెడ ఉండును. ఇంటినుండి పొలమునకు రెండు మైళ్లు నెమ్మదిగా తిరిగే బండిలో ఆ మసి కాలిపోదు, పేరుకొని హెచ్చరిక దీపము వెలుగును. అప్పుడప్పుడు పెద్దరోడ్డు మీద కొంతసేపు వేగముగా నడుపవలసినదే. పైగా మూడు తలుపుల థార్ వెనుక ఎరువుల బస్తాలు ఎన్ని పట్టును? సరుకే ముఖ్యమైనవారు బొలేరో క్యాంపర్ వంటి తొట్టి బండ్లలో నాలుగు చక్రముల రకమును వెదకుట మేలు.

ట్రాక్టరు ఇంటనే ఉండి, వానకాలపు నాలుగు నెలలకే జీపు కావలసినవారికి, తెలిసినవారి వద్ద దొరికే మంచి పాత జీపు చాలునని నా అభిప్రాయము. పిల్లలతో ప్రతిదినము పట్టణమునకు పోవువారు కొత్తదే కొనండి. పొలము వరకు కంకర రోడ్డు ఉన్నవారికి ఈ రెండును అనవసరపు ఖర్చు.

బజానా ఇచ్చుటకు ముందే ఆర్.సి.లో బ్యాంకు అప్పు గుర్తు ఉన్నదేమో చూడండి. ఉంటే దానిని రద్దు చేయించి తెచ్చువరకు డబ్బు చేతికీయవద్దు.