బెల్ కొట్టి పారిపోతే

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



1892లో మొదలైన ఖిదిర్‌పూర్ డాక్‌లో పనికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఎందరో. మా కింది వాటాలోని మామ్మగారిదీ అలాంటి కుటుంబమే. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ గోడ పట్టుకుని వచ్చేసరికి గుమ్మంలో ఎవరూ ఉండరు. బెల్ కొట్టి పారిపోయేది మావాడూ, వాడి స్నేహితులూ! 'పిల్లలు కదా' అని నేనూ నవ్వేశాను.

ఒకరోజు మందుల షాపు కుర్రాడు ఎంత కొట్టినా ఆవిడ తలుపు తీయలేదు. బీపీ మాత్రలు వెనక్కి పోయాయి.

బ్రాంచిలో అలారం ఊరికే మోగుతుంటే, దొంగలు పడ్డ రోజున ఎవరూ పట్టించుకోరని మనకు తెలుసు. ఇంట్లో ఆ సంగతి మరిచాను.

ఇద్దరం వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాం. ఇప్పుడు రోజూ సాయంత్రం మావాడే బెల్ కొడతాడు. తలుపు తీసేదాకా నిలబడి, "మామ్మగారూ, ఏమైనా తేవాలా?" అంటాడు.