చివరి నల్లా దగ్గర నిలబడి అడుగుదాం

(వరంగల్ ప్రాంతంలోని ఒక దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా కైకిలి చేసి, ఇంత బువ్వ కూడా తినకుండ వచ్చి కూర్చున్నరు. అందుకే పెద్ద పెద్ద మాటలు చెప్పం. నీళ్ళ ముచ్చట చెప్తం.

మన అమ్మమ్మలు, నాయినమ్మలు ఊరి బావి గట్టు ఎక్కలేదు. గట్టు కింద ఖాళీ కుండ పెట్టుకుని నిలబడేటోళ్ళు. ఎవరికన్నా దయ పుట్టి పైనుంచి పోస్తే తెచ్చుకునుడు, లేకుంటే వాగుల చెలిమె తోడుకునుడు. ఆ బావి తవ్వింది ఎవరు? మట్టి మోసింది ఎవరు? మోట కొట్టే తోలు బొక్కెన కుట్టింది ఎవరు? మాదిగ చెయ్యి కుట్టిన తోలు బావిల మునిగితే నీళ్ళు మైల పడలేదు. అదే చెయ్యి చేద ముడితే మైల పడ్డయి! ఇది ఏ శాస్త్రం?

పాకాల, రామప్ప, లక్నవరం చెరువులంటే కాకతీయ రాజుల పేర్లు చెప్తరు. తట్టలు మోసినోళ్ళ పేర్లు చెప్పరు. మన తెలంగాణల చెరువు తూము తీసి, ఊరందరి పొలాలకు వంతుల వారీగా నీళ్ళు పారించిన నీరటోళ్ళు చాలా ఊర్లల్ల దళితులే. ఊరికి నీళ్ళు పంచిన చేతులకు తాగే నీళ్ళ మీద హక్కు లేకుండా పోయింది.

ఈ హక్కు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. అందరి నీళ్ళు అంటరానివాళ్ళకూ ఇవ్వాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. కాగితం కాగితంగానే ఉన్నది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని మహద్ పట్టణంలో చవదార్ చెరువుకు నడిచి దోసిలితో నీళ్ళు తాగిండు. ఆ నీళ్ళు లేకుంటే చస్తమని కాదు, మేమూ మనుషులమే అని చెప్పడానికి! తర్వాత అగ్రకులాలు ఆ చెరువును శుద్ధి చేసుకున్నయి, కోర్టుకు పోయినయి. హైకోర్టు తీర్పు మనవైపు వచ్చేసరికి 1937 అయింది.

మన తెలుగు నేల మీద కారంచేడు మరిచిపోతమా? 1985 జూలైలో మాదిగలు తాగే చెరువును అగ్రకుల యువకులు పశువుల కడుగుతో పాడు చేస్తుంటే మాదిగపల్లె వాళ్ళు అడ్డుకున్నరు. కొట్టవచ్చిన వాళ్ళ మీదికి మున్నంగి సువార్త బిందె ఎత్తింది. ఆ మరునాడే, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని నరికి చంపిన్రు. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుటిలోనే. అంటే మన ఉద్యమం ఒక బిందె దగ్గర మొదలైంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో మనం వాడే నీళ్ళను పాడు చేయడం నేరమని రాసి ఉంది. అది ఊరికే రాలేదు.

ఇప్పుడు బావి పోయింది, బోరింగు వచ్చింది, నల్లా వచ్చింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభించిన్రు. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అని లెక్క కట్టిన్రు. ఐదుగురున్న ఇంటికి 500 లీటర్లు. బిందెకు 15 లీటర్లనుకుంటే 33 బిందెలు. మన ఇండ్లకు ఎన్ని బిందెలు వస్తున్నయో చేతులెత్తి చెప్పండి!

మా వాడల జరిగింది చెప్తం. ట్యాంకు ఊర్ల ఉంది. పైపు ఊరంతా తిరిగి ఆఖరుకు మా వాడకు వస్తది. మధ్యల కొందరు పైపుకు మోటర్లు పెట్టి గుంజుకుంటరు. మాకు నల్లాల గాలి వస్తది. వాల్వు తిప్పే మనిషిని అడిగితే "వదిలిన కదా" అంటడు. మేము కొట్లాటకు పోలే. చదువుకునే పిల్లలకు నోటుబుక్కు ఇచ్చి, పదిహేను రోజులు ఏ ఇంటికి ఎన్ని బిందెలు, ఎంతసేపు అని రాయించినం. ఆడోళ్ళందరం ఆ బుక్కు పట్టుకుని గ్రామసభకు పోయినం. లెక్క చూపెడితే నోరు మెదపలే. వాడకు వేరే వాల్వు పెట్టిన్రు, వేరే వంతు పెట్టిన్రు.

అయితే నీళ్ళు వస్తే చాలదు, మంచి నీళ్ళు రావాలె. పైపు మురికి కాలువ పక్క నుంచి పోతది. నీళ్ళు ఆగినప్పుడు పైపు ఖాళీ అయితది. అప్పుడు మోటరు గుంజితే పగిలిన కాడి నుంచి మురికి లోపలికి వస్తది. ఆ మురికి ఎవరి పిల్లలకు వాంతులు, బేదులు తెస్తది? చివరి నల్లా వాళ్ళ పిల్లలకే. అందుకే ఇంజనీర్ల లెక్కల్నే చివరి నల్లా దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా ఉండాలని ఉంది. చివరి నల్లా అంటే మన వాడ! పరీక్ష సర్పంచ్ ఇంటి ముంగట కాదు, మన వాడల చేయాలె.

ఇంకొకటి ఫ్లోరైడ్. మన రాతి నేలల్ల లోతు బోర్లల్ల ఇది ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. పండ్లు గారపడుతయి, ఏండ్లు గడిస్తే ఎముకలు వంగుతయి. కాగబెడితే క్రిములు చస్తయి గానీ ఫ్లోరైడ్ పోదు. కండ్లతోటి చూసి ఏ నీళ్ళూ మంచియి అనలేం. పరీక్ష ఒక్కటే దారి.

మన వరంగల్ జిల్లాలోనే, గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. ఊరోళ్ళే కమిటీలు వేసుకున్నరు. నీళ్ళకు ఒక కమిటీ. చందాలు వేసుకుని, ఇంటింటికీ నల్లా తెచ్చుకుని, లెక్కలు అందరి ముంగట పెట్టిన్రు. దేశమంతా వచ్చి చూసిపోయింది. కమిటీ మంచిదే. కానీ మనం ఇంకో ప్రశ్న వేయాలె: కమిటీల వాడ మనిషి ఉన్నడా? సంతకం పెట్టడానికే ఉన్నడా, తాళంచెవి చేతిల ఉన్నదా? ఆడమనిషి ఉన్నదా? నీళ్ళు మోసేది ఆమే కదా.

చేయాల్సిన పనులు నాలుగు. ఇంటింటికీ బిందెల లెక్క రాయాలె. చివరి నల్లా నీళ్ళు సీసాల పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపి, రిపోర్టు కాగితం అడిగి తీసుకోవాలె. ట్యాంకు ఎప్పుడు కడిగిన్రో, బ్లీచింగ్ ఎప్పుడు కలిపిన్రో పంచాయతీ గోడ మీద రాయించాలె. రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెప్తున్నది. ఆ సభకు వాడంతా పోవాలె. మాల, మాదిగ అని విడివిడిగ పోతే ఇద్దరికీ గాలే వస్తది.

గట్టు కింద నిలబడి అడుక్కున్న రోజులు మన నాయినమ్మలతోటే పోవాలె. నీళ్ళు దయ కాదు, మన వాటా. మహద్‌ల దోసిలి పట్టినం, కారంచేడుల బిందె ఎత్తినం. ఇయ్యాల నోటుబుక్కు, సీసా పట్టుకుని నిలబడుదాం.

జై భీమ్!