హాజరు పలకాలి



సాగర్ ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడలో రైస్ మిల్లులు పెరిగాయి. మా మిల్లుకు బేరాలు తగ్గితే వెబ్‌సైట్ పెట్టించాం. ఏడాదైనా ఒక్క ఫోను రాలేదు. మిల్లు అమ్మేద్దామన్నాడు తమ్ముడు. చూస్తే సైటులో అన్నీ ఫొటోలే, గూగుల్ చదవడానికి మాటల్లేవు.

ముందు మాటలు రాయించాం. వడ్లు ఉడకబెట్టడం నుంచి బస్తా కుట్టేదాకా వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టి, కింద సైటు లింకు ఇచ్చాం. ఆ లింకు ర్యాంకును నేరుగా పెంచదు, మనుషుల్ని తెస్తుంది. గూగుల్ మ్యాప్‌లో, ఫేస్‌బుక్‌లో ఒకే పేరు, ఒకే నంబరు ఉంచాం. కోదాడ, సూర్యాపేట కొట్లవాళ్లను ఉన్నదున్నట్టు రివ్యూ రాయమన్నాం. ఆర్నెల్లకు విజయవాడ నుంచి మొదటి ఆర్డరొచ్చింది.

బడికొచ్చినా హాజరు పలక్కపోతే రానట్టేననేవారు మా సారు. వ్యాపారమూ అంతే.