మూతపడిన కార్ఖానాల సైకిలు భాగములు



మా ఉయ్యూరులో నన్ను తుక్కుపంతులందురు. నాకు కోపము లేదు. ముప్పది యేండ్లుగా పాత సైకిలు భాగములను ప్రోగుచేయుచున్నాను. మూడు తుపాకుల ముద్రగల బి.ఎస్.ఏ. భాగములు నాకు మిక్కిలి ప్రియము. బర్మింగుహాములోని ఆ కంపెనీ సైకిళ్ల వ్యాపారము 1957లో ర్యాలీవారి చేతికి పోయెను. ఆ ర్యాలీవారును నాటింగుహాములో 2002లో సైకిళ్లు చేయుట మానిరి. మన అట్లాసువారి కడపటి కార్ఖానా సాహిబాబాదులో 2020 జూనున ఆగెను.

వేడుకకై మొదలిడితిని గాని ఇప్పుడు పని పడుచున్నది. పెడళ్ల యిరుసును మోయు గిన్నెకు సాధారణముగా అంగుళమునకు 24 మరచుట్లుండును. ర్యాలీవారు 26 చుట్లు కోసిరి. చేతికి రెండును ఒక్కటిగనే తోచును. తెలియక బలిమిని బిగించితిమా, చట్రములోని మర చెడును. బండి తుక్కు క్రిందికే పోవును.

నిరుడొక చెరకురైతు తన తండ్రిగారి ర్యాలీని నడిపించుకొని వచ్చెను. గిన్నె పగిలినది. పాతయినుము కొట్టువాడు బండికి తూకపువెల కట్టినాడట. నా పెట్టె యంతయు వెదకగా ఒక గిన్నె దొరకెను. చేతితో త్రిప్పగనే కుదురుకొన్నది. వెల యెంతయని ఆయన యడిగెను. పగిలిన గిన్నెను పుచ్చుకొంటిని. కొలతకు పనికివచ్చును.