మన ఎర్రమట్టిలో సొరచేప పళ్ళు

 

టీవీలో పెద్ద సొరచేప సినిమా వస్తే పిల్లలు కండ్లార్పకుండా చూస్తరు. తర్వాత మనల్ని అడుగుతరు. "అమ్మా, అంత పెద్దది నిజంగా ఉండెనా? మనకాడ కూడా ఉండెనా?" ఏమో బిడ్డా అని ఊరుకోవద్దు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు ఉన్నాయి.

మొదటి జవాబు: ఉండేది. దాని పేరు మెగలొడాన్. అది సముద్రాల్లో బతికేది. 50 అడుగుల పైనే పొడవు ఉండేదని శాస్త్రవేత్తల లెక్క. అంటే ఆర్టీసీ బస్సు కంటే పొడుగు! దాని పెద్ద పన్ను ఒక్కొక్కటి మన అరచేయంత. తిమింగలాలను కూడా తినేది. సుమారు 36 లక్షల ఏండ్ల కింద ఆ జాతి అంతరించింది. ఇప్పుడు ఏ సముద్రంలోనూ లేదు.

మరి మనకెట్లా తెలిసింది? పళ్ళను బట్టి. మీ చెవి పై అంచును పట్టి చూడండి. మెత్తగా వంగుతుంది గదా! సొరచేప ఒంట్లో గట్టి ఎముకలుండవు. లోపలంతా అట్లాంటి మెత్తని ఎముకే. చచ్చినాక అది కుళ్ళిపోతుంది. పళ్ళు మిగులుతాయి. మట్టిలో పూడి, కాలం గడిచి రాయిలాగ అవుతాయి. దీన్నే శిలాజం అంటారు.

రెండో జవాబు: మనకాడ మెగలొడాన్ లేదు. అది బతికిన కాలంలో ఇక్కడ సముద్రం లేదు. కాని అంతకంటే ఎంతో ముందు మన ఏర్లలో, మడుగుల్లో చిన్న సొరచేపలు ఉండేవి.

మన బాయిల్లో తీసే బొగ్గు సుమారు 28 కోట్ల ఏండ్ల కింద పెరిగిన చెట్లు. వాటి మీద మట్టి పొరలు పడ్డాయి, బొంత మీద బొంత పరిచినట్టు. గోదావరి దాటి పాత ఆదిలాబాద్ జిల్లాకు పోతే, మలేరి ఊరి దిక్కు ఎర్రమట్టి పొర పైకి కనిపిస్తుంది. అది సుమారు 22 కోట్ల ఏండ్ల నాటిది. సొరచేపల పళ్ళు అందులో దొరికాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజంత!

అంత చిన్నవి ఎట్లా దొరుకుతాయి? మట్టిని నానబెడతారు. సన్న జల్లెడలో కడుగుతారు. మిగిలిన దాంట్లో ఏరుతారు. మనం బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. మనం రాయిని పారేస్తం, వాళ్ళు దాచిపెడతారు.

ఆ నీళ్ళలో పెద్ద వేటగాడు పారాసూకస్. పొడవు సుమారు 8 అడుగులు. చూస్తే మొసలే అనిపిస్తుంది. కాని మొసలి కాదు. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి కొసన ఉంటాయి. దీనికి కండ్ల దగ్గర ఉండేవి. శంకర్ ఛటర్జీ అనే శాస్త్రవేత్త రెండు పారాసూకస్‌ల ఎముకల గూళ్ళను పరిశీలించారు. వాటి పొట్ట ఉండే చోట బల్లిలాంటి వేరే జంతువు ఎముకలు కనిపించాయి. అది వాటి ఆఖరి తిండి అన్నమాట!

1980లో ఆ చిన్న జంతువుకు మలేరిసారస్ రాబిన్సొనే అని పేరు పెట్టారు. మలేరి మన ఊరి పేరు. రాబిన్సన్ ఒక ఆడమనిషి పేరు. పమేలా రాబిన్సన్ 1950ల చివర్లో ఇంగ్లండు నుంచి వచ్చారు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఈ శిలాజాల పనికి పునాది వేశారు.

"ఇవి మనకు బువ్వ పెడతాయా?" అని మీరు అడగవచ్చు. పెడతాయి. ఏ పొర పాతది, ఏ పొర కొత్తది అనేది శిలాజాలు చెబుతాయి. పొరల సంగతి తెలిస్తేనే బొగ్గు ఎక్కడుందో, ఎంత లోతునుందో తెలుస్తుంది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దిక్కు బొగ్గును గుర్తించింది కూడా ఇట్లా రాళ్ళను చదివే.

ఇంకొక్క మాట. చేనులోనో, ఇంటి బాయి తవ్వేటప్పుడో ఎముకలాంటి రాయి, ఆకు అచ్చుపడ్డ రాయి కనిపిస్తే రాకాసి ఎముక అని భయపడకండి. పగలగొట్టకండి. ఎవరికీ అమ్మకండి. బడిలో సైన్సు పంతులుకు చూపించండి. ముందు ఒక కాగితం మీద ఊరు, చోటు, తేదీ రాసిపెట్టండి. ఎక్కడ దొరికిందో తెలియని రాయి సగం మూగది. దానికి మాట ఇచ్చేది మీ చేతి రాతే. ఇప్పుడు మనకు రాయడం వచ్చు గదా!