జీడిమామిడి: గింజ నాటుదమా, అంటు నాటుదమా?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానముపై విరుచుకుపడి, కొబ్బరితోపాటు జీడిమామిడి తోటలను నేలగూల్చినది. తోట పోయిన రైతునకు మరల నాటవలెనను తొందర సహజము. కాని ఆ తొందరలో చేతికందిన గింజ నాటినచో, ఆ పొరపాటు ఒక్క యేటితో తీరదు. ఇరువది, ముప్పది ఏండ్లు వెన్నాడును.

మంచి చెట్టు గింజ మంచి చెట్టునే ఇచ్చునని మనము తలతుము. జీడిమామిడి విషయమున ఇది నిజము కాదు. దీని పూగుత్తిలో మగపూవులును, ద్విలింగ పుష్పములును కలిసి యుండును. కాయ కట్టునవి ద్విలింగ పుష్పములే. తేనెటీగలు, ఈగలు ఇతర వృక్షముల పుప్పొడిని తెచ్చి చేర్చును. కావున గింజలో తల్లి పాలు సగమే. తక్కిన సగము ఏ చెట్టుదో ఎవరెరుగుదురు? అందుచేతనే ఒకే తోటలో ఒక చెట్టు విరగగాయును, ప్రక్కచెట్టు నీడ మాత్రమిచ్చి ఊరకుండును.

రైతునకు నష్టమైన ఈ వైవిధ్యమే శాస్త్రజ్ఞునకు మూలధనము. బాపట్ల పరిశోధనా కేంద్రమువారు చెట్టు చెట్టు దిగుబడిని తూచి, మేలైనవానిని ఏరినారు. చీరాల చెంతనున్న ఈపూరుపాలెపు చెట్టునుండి ఎన్నిక చేసినదే బి.పి.పి.-4 రకము. 1వ నంబరు చెట్టును 39వ నంబరు చెట్టుతో సంకరము చేయగా లభించినది బి.పి.పి.-8. దీని సగటు దిగుబడి చెట్టుకు సుమారు 14 కిలోలు. గింజ తూకము 8 గ్రాములకు పైన. నూరు కిలోల గింజలకు పప్పు సుమారు 29 కిలోలు.

అయితే బి.పి.పి.-8 గింజనే తెచ్చి నాటినను మరల అదే చిక్కు. మార్గ మొక్కటే: అంటు. లేత మొలకపై మేలుజాతి కొమ్మను కట్టినచో, పైకొమ్మ గుణము మారదు. మూడవ యేటనుండియే కాపు మొదలగును.

ఇందు పంచాయతీల కర్తవ్యము మూడు విధములు. పంచాయతీ భూములలో నాటునప్పుడు, ఏ చెట్టునుండి కట్టినదో తెలిసిన అంటునే కొనుడు. తోటనంతయు ఒకే రకముతో నింపక, రెండు మూడు రకములు కలిపి నాటించుడు. ఒక రకమునకు తెగులు సోకినను మరియొకటి నిలువవచ్చును. మీ ఊర ఏటేట మెండుగా కాయు పాతచెట్టు ఉన్నచో, గొడ్డలికి అప్పగింపక, మూడు నాలుగేండ్లు దాని కాపు తూచి వ్రాసి ఉద్యానశాఖవారికి తెలుపుడు. రేపటి మేలిరకము మీ ఊరి గట్టుమీదనే నిలిచియుండవచ్చును.